పెన్‌మోన్ పవిత్ర బావి పక్కనున్న రాతి పునాది సైరియోల్ కుటీరమేనా?

తీరరేఖ:
వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపం తూర్పు కొసన, పెన్‌మోన్ మఠపు చర్చి వెనుక, కొండచరియ కింద సైరియోల్ బావి ఉంది. దాని పక్కనే కనిపించే అండాకారపు రాతి పునాదిని, 6వ శతాబ్దంలో ఆ మఠాన్ని స్థాపించిన సైరియోల్ నివసించిన కుటీరంగా చెప్పుకుంటారు. ఈ పేరును వాడడం మానేయాలని నా అభిప్రాయం. 10వ శతాబ్దంలో సైతం అక్కడి చర్చి కలపతో కట్టినదే. 971లో వైకింగులు దాన్ని ధ్వంసం చేశారు. చర్చికే రాయి వాడని చోట, అంతకు నాలుగు వందల ఏళ్ల ముందు ఒక సన్యాసి గదికి రాయి వాడారంటే ఎలా నమ్మడం?

శిలాలేఖ:
తీరరేఖ గారూ, ఆ పేరుకు గట్టి ఆధారం లేదన్న మాట నిజమే కానీ, కలప చర్చి వాదన నిలవదు. అదే ద్వీపంలోని దిన్ లిగ్వీలో 4వ శతాబ్దం నాటి గుండ్రటి రాతి ఇళ్ల గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఐర్లండ్ తీరంలోని స్కెలిగ్ మైఖేల్ దీవిలోనైతే సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి సన్యాసులు గదులే కట్టుకున్నారు. అంటే సైరియోల్ నాటికి రాతి గుడిసె వింతేమీ కాదు. అయితే అదే కారణం చేత ఆ పునాది ఆయనకు రెండు శతాబ్దాల ముందుదైనా కావచ్చు, ఎవరో గొర్రెల కాపరిదైనా కావచ్చు.

నిజానికి సందర్శకులను పొరబాటు పడేలా చేసేది కుటీరం కాదు, బావి గది. కింది రాళ్లు చాలా పాతవై ఉండవచ్చు గానీ, నీటిమీద కప్పులా నిలిచిన ఇటుక కట్టడం సుమారు 1710 నాటిది. ఆ చీకటి గదిలోకి వంగి చూసినవారు మొత్తాన్నీ 6వ శతాబ్దానికే కట్టబెడతారు. ఆ ఇటుకల వయసు ముందు చెప్పాలి. కుటీరం పేరంటారా, మన దగ్గర బృహత్ శిలాయుగపు సమాధులను రాక్షస గుళ్లు అంటున్నాం కదా, దానివల్ల చరిత్రకు వచ్చిన నష్టమేమిటి?

తీరరేఖ:
రాక్షసులు కట్టారని ఈ రోజుల్లో చదువుకున్నవారెవరూ నమ్మరు. సైరియోల్ కుటీరాన్ని మాత్రం భక్తులు నమ్మే వస్తారు. ఇటుకల సంగతి చెప్పాలన్నది సబబే. పునాది దగ్గర మాత్రం ‘కాలం తెలియని గుడిసె’ అన్న మాట ముందుండాలి, సైరియోల్ పేరు రెండో వాక్యంలో రావాలి.

శిలాలేఖ:
ఆ క్రమానికి నాకు అభ్యంతరం లేదు, రెండో వాక్యాన్ని ఎవరూ కొట్టేయనంతవరకు.