రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత చెయ్యి ఎప్పటి నుంచి ఎత్తాలి?

అరండల్‌పేట కూతురు (గుంటూరు):
మా అమ్మకు కుడి రొమ్మును, చంకలోని లింఫ్ గ్రంథులను తీసివేసి నేటికి 12 రోజులు. గాయంలో చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఇంకా ఉంది. రోజుకు 50 మిల్లీలీటర్ల దాకా వస్తోంది. గొట్టం తీసేదాకా చెయ్యి భుజం కంటే పైకి ఎత్తవద్దని సర్జన్ గారన్నారు. ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు మాత్రం ఇప్పటి నుంచే గోడ మీద వేళ్లు పాకిస్తూ చేతిని పైకి తీసుకువెళ్లమన్నారు. మా పెద్దమ్మ అయితే పచ్చి కుట్లు విడిపోతాయని భయపడి, మెడకు గుడ్డ కట్టి చేతిని అందులో వేలాడదీయించింది. ఎవరి మాట వినాలి?

పటమట అక్క (విజయవాడ):
అమ్మా, ఆ గుడ్డ ముందు విప్పించు. నేను 40 రోజులు చేతిని పొట్టకు ఆనించుకునే గడిపాను. రేడియేషన్‌కు కొలతలు తీసే రోజున చెయ్యి తల పక్కకు ఎత్తి పడుకోమంటే అది చెవి దాకా కూడా రాలేదు. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తాడు బిగించినట్లు లాగింది. మూడు వారాలు వ్యాయామం చేశాకే కొలతలు తీయగలిగారు. జడ వేసుకోవడానికి, జాకెట్టు తొడుక్కోవడానికి ఇంకొకరి మీద ఆధారపడిన ఆ రోజులు ఎవరికీ వద్దు.

గవర్నర్‌పేట నివాసి:
తొందరకూ మూల్యం ఉంటుందండీ. మా ఇంటావిడ చేత మూడో రోజు నుంచే చెయ్యి నిలువునా ఎత్తించారు. డ్రెయిన్ తగ్గనే లేదు. గొట్టం తీశాక చంకలో నీరు చేరి, నాలుగుసార్లు సూదితో తీయించాల్సి వచ్చింది. సర్జన్ గారు చెప్పినది ఊరికే కాదు.

ఫిజియోథెరపిస్టు (గుంటూరు):
మీరిద్దరూ చెప్పినవి ఒకదానినొకటి కొట్టివేసే అనుభవాలు కావు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2010లో వెలువరించిన సమీక్ష 24 అధ్యయనాలను, వాటిలోని 2,132 మంది వివరాలను పరిశీలించి, శస్త్రచికిత్స అయిన ఒకటి నుంచి మూడు రోజుల్లోనే వ్యాయామం మొదలుపెట్టినవారికి భుజం కదలిక త్వరగా తిరిగి వచ్చిందనీ, అయితే డ్రెయిన్ ద్వారా వచ్చే ద్రవమూ, గొట్టం ఉంచవలసిన రోజులూ పెరిగాయనీ తేల్చింది. కాబట్టి అసలు తగవు ‘ఎప్పుడు’ అన్నదాని కంటే ‘ఎంత ఎత్తు వరకు’ అన్నదాని మీదే ఉండాలి. పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి మడవడం, భుజాలను వెనక్కి తిప్పడం మర్నాటి నుంచే చేయవచ్చు. భుజం ఎత్తు దాటించడానికి మాత్రం అమ్మగారి విషయంలో ఆగడమే నయం. సాధారణంగా 24 గంటల్లో వచ్చే ద్రవం 30 మిల్లీలీటర్ల లోపుకు దిగితేనే గొట్టం తీస్తారు, 50 ఉన్నప్పుడు గోడ పాకించడం తొందరే. అంటే నా తోటి ఫిజియోథెరపిస్టును కాదని సర్జన్ గారి పక్షాన నిలుస్తున్నాను. కానీ గుడ్డలో వేలాడదీయడాన్ని మా ఇద్దరిలో ఎవరమూ ఒప్పుకోము.

గొట్టం తీసిన తర్వాత మాత్రం జాప్యం చేయవద్దు. ఇంగ్లండ్‌లో 392 మంది మహిళలతో జరిగిన ప్రాస్పర్ పరిశోధన 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అందులో 7 నుంచి 10 రోజులకు వ్యాయామం మొదలుపెట్టి, బలం పెంచేవాటిని నెల తర్వాత చేర్చారు. ఏడాదికి చేతి పనితనం మెరుగ్గా ఉంది, చేతివాపు పెరగలేదు.

గవర్నర్‌పేట నివాసి:
అక్కడ పక్కనే ఉండి నేర్పేవారున్నారు. ఇక్కడ చాలామందికి చేతిలో పెట్టేది బొమ్మల జిరాక్సు కాగితమే. పైగా చంకంతా శుభ్రం చేసే పెద్ద ఆపరేషన్లు మనవాళ్లకే ఎక్కువ.

ఫిజియోథెరపిస్టు (గుంటూరు):
రెండో మాట ఒప్పుకోలేను. ఆ పరిశోధనలో చేర్చుకున్నది, చంకంతా శుభ్రం చేయించుకున్నవారితో సహా, భుజం సమస్యలు వచ్చే అవకాశం ఎక్కువున్నవారినే. మొదటి మాట మాత్రం నిజం. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లాల్సిన మనిషికి కాగితమిచ్చి పంపితే, నొప్పి పుట్టగానే మానేస్తుంది. కనీసం మూడుసార్లయినా ఎదురుగా చేయించి చూడాలి. చెయ్యి ఎర్రబడినా, జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

అరండల్‌పేట కూతురు (గుంటూరు):
సర్జన్ గారికి ఫోన్ చేసి అడిగితే భుజం ఎత్తు వరకు కదిలించవచ్చనే చెప్పారు. గుడ్డ తీసేశాం, పెద్దమ్మ అలిగి కూర్చుంది. డ్రెయిన్ లెక్కను రోజూ క్యాలెండరు మీద రాస్తున్నాను. ఈ ఉదయం 42.