ఇంటి సర్వీసులో ఇరిడియం స్పార్క్ ప్లగ్గులు వేయాలా, పుస్తకంలో ఉన్న నికెలే చాలా?

ఉప్పల్ వాసి
అందరికీ నమస్కారం. నాది 2016 నాటి 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు, ఒక్కో ప్లగ్గుకు వోల్టేజీ ఇచ్చే కాయిల్ ఒక్కొక్కటి. 62,000 కిలోమీటర్లు తిరిగింది. ఉదయం స్టార్ట్ చేయగానే రెండు నిమిషాలు ఇంజిన్ వణుకుతుంది, తరువాత తనే సర్దుకుంటుంది. ఆయిలూ ఎయిర్ ఫిల్టరూ మూడేళ్లుగా నేనే మార్చుకుంటున్నాను కానీ ప్లగ్గుల జోలికి ఎప్పుడూ పోలేదు. కారుతో వచ్చిన పుస్తకంలో నికెల్ ప్లగ్గు నంబరు ఇచ్చి, 40,000కు ఒకసారి మార్చమన్నారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

నిన్న రాణిగంజ్‌లో అడిగితే దుకాణదారు నవ్వి, "ఈ రోజుల్లో నికెల్ ఎవరు వేస్తున్నారండీ, ఇరిడియం వేయండి, పికప్ చూడండి" అన్నాడు. నికెల్ ఒక్కొక్కటి 150, ఇరిడియం 650 చెప్పాడు. ఏమీ కొనకుండా వచ్చేశాను. ఏది వేయమంటారు? అసలు ఇది ఇంట్లో చేయదగిన పనేనా?

రెండో గేరు
ఇరిడియమే, ఆలోచించకండి. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇరిడియం 2,400 దాటాక గానీ కరగదు. అందుకే దాని మొనను అర మిల్లీమీటరంత సన్నగా చేసినా అరగదు. మొన ఎంత సన్నగా ఉంటే రవ్వ అంత తక్కువ వోల్టేజీకే దూకుతుంది. నేను వేసి రెండేళ్లయింది. చలికాలం ఉదయాల్లో కూడా ఒక్క తిప్పుకే అందుకుంటోంది.

లెక్కల మాస్టారు
రెండో గేరు గారూ, మీరు ప్లగ్గులు మార్చిన రోజున పాత నికెల్ ప్లగ్గుల వయసు ఎంత? అరిగిపోయిన నికెల్ తీసి కొత్త ఇరిడియం వేసి తేడా చూశారు. కొత్త నికెల్ వేసినా ఆ తేడా దాదాపు అంతే కనిపించేది. అరిగిన చెప్పులు మార్చి కొత్త జోడు మహిమ అన్నట్టుంది.

ఉప్పల్ వాసి గారూ, డబ్బు లెక్క చూడండి. తొమ్మిదేళ్లలో 62,000 అంటే ఏడాదికి సుమారు 7,000. కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, అంటే 2031లో ముగుస్తుంది. ఆలోగా మీరు తిరిగేది ఇంకో 42,000. ఒక నికెల్ సెట్టుకు దాదాపు సరిపోయే దూరం! 600 రూపాయలతో తీరే పనికి 2,600 ఎందుకు? లక్ష కిలోమీటర్లు పనిచేసే ప్లగ్గు కొని 42,000 దగ్గర కారు అమ్మేస్తే మిగిలిన ఆయుష్షు కొన్నవాడిది.

కారుమబ్బు
మాస్టారూ, మీ లెక్క ఖాళీ రోడ్డు మీద నడిచే కారుకు వర్తిస్తుంది. ప్లగ్గుకు కిలోమీటర్లు తెలియవు, రవ్వలే తెలుసు. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ప్లగ్గు ఒకసారి వెలుగుతుంది.

నేను రోజూ మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి వెళ్తాను. 12 కిలోమీటర్లు, సాయంత్రం గంట పడుతుంది. అందులో అరగంట నిలబడటమే. నిలబడినప్పుడు నిమిషానికి 750 చుట్లు, అంటే 375 రవ్వలు. అరగంటకు 11,250. పాకుతూ కదిలే మిగతా అరగంటలో 1,500 చుట్లనుకుంటే 22,500. మొత్తం 33,750. ఇదే దూరాన్ని ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 వేగంతో పోతే 9 నిమిషాలు, నిమిషానికి 2,400 చుట్ల చొప్పున 10,800 రవ్వలు. మీటరు రెండింటికీ 12 అనే చూపిస్తుంది, ప్లగ్గుకు మాత్రం మూడు రెట్ల పని. ఉప్పల్ నుంచి రోజూ నగరంలోకి వచ్చే మనిషికి 40,000 అనే అంకె ఎలా సరిపోతుంది?

లెక్కల మాస్టారు
బాగా చేశారు లెక్క, ఒప్పుకుంటున్నాను. కాకపోతే అన్ని రవ్వలూ ఒకటి కావు. నిలబడి ఉన్నప్పుడు సిలిండర్‌లో పీడనం తక్కువ, కాబట్టి రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ కూడా తక్కువ, అరుగుదలా తక్కువే. ట్రాఫిక్‌లో అసలు బాధ అరుగుదల కన్నా మసి. ప్లగ్గు మొన 450 డిగ్రీలు దాటితేనే తన మీది మసిని తానే కాల్చుకోగలదు. మెహదీపట్నం సిగ్నల్ దగ్గర అంత వేడి ఎక్కడిది? ఆ మసికి ఇరిడియం కూడా పూర్తి మందు కాదు. మూడు రెట్లు అన్నచోట రెండు అనుకున్నా సరే, నికెల్‌ను 30,000కే మార్చుకోమంటాను. అప్పుడు కూడా నాదే చవక.

పాత పద్మిని
మీరంతా కొనడం గురించే మాట్లాడుతున్నారు. నేను పద్మిని కారు నడిపిన రోజుల్లో ప్లగ్గు విప్పి, తీగ బ్రష్‌తో తోమి, గరుకు కాగితంతో రుద్ది, పోస్టుకార్డు మడిచి గ్యాప్, అంటే రవ్వ దూకే సందు, చూసి మళ్లీ బిగించేవాళ్లం. ఒక సెట్టు ఎన్నేళ్లు నడిచిందో లెక్కే లేదు. ముందు శుభ్రం చేసి చూడండి బాబూ.

మౌలాలి షెడ్డు
పెద్దాయనకు నమస్కారం. నేను పాతికేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. తీగ బ్రష్ పద్మినికి చెల్లింది గానీ ఇప్పటి ప్లగ్గుకు చెల్లదు. బ్రష్ రాల్చిన లోహపు పొడి తెల్లటి పింగాణీకి అంటుకుంటే రవ్వ మొన దగ్గర దూకకుండా ఆ పొడి వెంట జారిపోతుంది. ఇరిడియం మొనకైతే బ్రష్ తగిలించనే కూడదు, గ్యాప్ కోసం నాణెం లాంటి గేజి దూర్చినా విరుగుతుంది.

ఇక ఇరిడియమా నికెలా అన్నదానికి నా దగ్గర ఒకటే జవాబు. పుస్తకంలో ఏది రాస్తే అది. నికెల్ రాసిన ఇంజిన్‌కు అదే వేడి నంబరు (ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే అంకె) ఉన్న ఇరిడియం వేస్తే నష్టం లేదు, డబ్బు మీది. ఇరిడియం రాసిన టర్బో ఇంజిన్‌కు చవకని నికెల్ వేస్తే మాత్రం నా షెడ్డుకే వస్తారు. దుకాణంలో "ఇదీ అదే అండీ" అని వేరే కంపెనీది చేతిలో పెడితే జాగ్రత్త. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, అంటే వేడిని త్వరగా వదిలేది; బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. అంకెలు చూసి సరిపోల్చారో, తలకిందులవుతుంది.

ఇంట్లో చేయవచ్చా అన్నారు. చేయవచ్చు, కానీ ప్లగ్గులు పాడయ్యేది కొనేటప్పుడు కాదు, బిగించేటప్పుడు. కొత్తలో నేనే ఒక కారు హెడ్డు, అంటే ప్లగ్గులు బిగించే ఇంజిన్ పైభాగం, పాడుచేశాను. ప్లగ్గు కాస్త వంకరగా పట్టింది, గట్టిగా ఉందిలే అని రెంచితో తిప్పాను. ఉక్కు మరలు అల్యూమినియం మరలను కోసుకుంటూ వెళ్లాయి. ఆ బిగువు ఇప్పటికీ నా మణికట్టుకు గుర్తుంది. హెడ్డు విప్పించి మరలకు ఉక్కు తొడుగు వేయించాను, కూలి నా జేబులోంచే.

అందుకని ఇలా చేయండి. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే పని పెట్టుకోండి. కాయిల్ తీశాక ప్లగ్గు విప్పకముందే అది కూర్చున్న గుంటలోకి గాలి కొట్టండి, లేకపోతే అక్కడి దుమ్మంతా సిలిండర్‌లోకి పోతుంది. కొత్త ప్లగ్గు వెనక తోకకు జానెడు రబ్బరు గొట్టం తొడిగి, వేళ్లతో గొట్టాన్ని తిప్పుతూ దించండి. మర వంకరగా పడితే గొట్టమే జారిపోతుంది, హెడ్డు బతుకుతుంది. ఇనుప రెంచికి ఆ తెలివి లేదు. చేత్తో పూర్తిగా కూర్చున్నాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకు ఇంకో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు.

రెండో గేరు
పాతికేళ్ల అనుభవం ఉండీ, బిగువును అంకెలో చూపే టార్క్ రెంచి మాట ఎత్తలేదేమిటి? 14 మిల్లీమీటర్ల మర అయితే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. 12 మిల్లీమీటర్లదైతే 15 నుంచి 20. అంకె ఉండగా అందాజు ఎందుకు?

మౌలాలి షెడ్డు
ఉంటే వాడండి, తప్పేమీ లేదు. నా షెడ్డులోనూ ఒకటి వేలాడుతోంది. మరలకు గ్రీజు రాసి మీ అంకెకు బిగిస్తే మాత్రం అసలు కన్నా ఎక్కువ బిగుసుకుంటుంది, జారుడు పెరుగుతుంది కాబట్టి. పూత పూసిన ప్లగ్గు మరలకు ఏదీ రాయవద్దని తయారుచేసినవాళ్లే చెబుతారు. పెద్ద సర్వీసు కేంద్రంలో వేసిన ప్లగ్గులు విప్పడానికి నేను రెండు చేతులూ వాడిన రోజులున్నాయి. వాళ్ల దగ్గర టార్క్ రెంచి లేకనా?

కారుమబ్బు
ఇది మాత్రం నిజం. మొదటిసారి విప్పినప్పుడు మా తమ్ముడు బండి ఊగేంత లాగాడు. నాలుగోది విప్పేసరికి ఇద్దరం చెమటలో తడిశాం.

ఉప్పల్ వాసి
ఆదివారం పని పూర్తయింది. నికెలే వేశాను. మాస్టారి లెక్క కన్నా పుస్తకంలోని నంబరు మీద నమ్మకంతో, నిజం చెప్పాలంటే 2,000 మిగులుతుందని కూడా.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఒకటి, రెండు, నాలుగు ప్లగ్గుల మొనలు లేత గోధుమరంగులో పొడిగా ఉన్నాయి. గ్యాప్ పుస్తకంలో 0.9 మిల్లీమీటర్లు, నా పాత ప్లగ్గుల్లో గేజి 1.2 దాకా దూరింది. మూడోదాని కాయిల్ లాగితే రబ్బరు తొడుగు నల్లగా, జిగటగా వచ్చింది. గుంటలో వేలెడు లోతున నూనె! ప్లగ్గు పింగాణీ అంతా తడి. మొన మాత్రం మిగతావాటిలాగే ఉంది. పాత బనియను గుడ్డ పుల్లకు చుట్టి, నూనె పూర్తిగా పీల్చాకే ప్లగ్గు విప్పాను. రబ్బరు గొట్టం అక్వేరియంది, బాగా పనిచేసింది. మూడో గుంటలో రెండుసార్లు జారింది, మూడోసారి పట్టింది.

ఈ ఉదయం వణుకు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంకో సందేహం. పాత ప్లగ్గులన్నింటికీ పింగాణీ ఇనుపభాగాన్ని కలిసేచోట గోధుమరంగు పట్టీ ఉంది. అక్కడి నుంచి గ్యాస్ కారుతోందా?

కారుమబ్బు
పట్టీ గురించి భయం వద్దు. అంత వోల్టేజీ దగ్గర చుట్టూ ఉన్న గాలిలోని నూనె తుంపరలు పింగాణీకి అంటుకుని పడే మరక అది. లీకు కాదు.

మౌలాలి షెడ్డు
మొన పొడిగా ఉండి గుంటలో నూనె ఉందంటే అది పైనుంచి దిగింది, సిలిండర్ నుంచి రాలేదు. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) కింద నూనె కారకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్, గుంటల చుట్టూ ఉండే సీళ్లు గట్టిపడి ఉంటాయి. తొమ్మిదేళ్ల రబ్బరు కదా. నూనెలో నానిన తొడుగులోంచి రవ్వ పక్కకు పారిపోతుంది, మిగిలిన వణుకు అదే అనుకుంటున్నాను. మూడో కాయిల్‌నూ రెండో కాయిల్‌నూ తారుమారు చేసి చూడండి. వణుకు రెండో సిలిండర్‌కు మారితే తొడుగూ మార్చాలి.

రెండో గేరు
అంటే ఇరిడియం వేసి ఉన్నా ఈ వణుకు ఉండేదన్నమాట.

లెక్కల మాస్టారు
2,600 పెట్టి.

ఉప్పల్ వాసి
శనివారం గ్యాస్కెట్ కోసం మళ్లీ రాణిగంజ్ వెళ్తున్నాను. ఈసారి పాత గ్యాస్కెట్ నంబరు కాగితం మీద రాసుకుని మరీ.