టెక్సస్‌లో జింకల వేట: లీజు తీసుకోవాలా, పబ్లిక్ భూమి చాలా?

డెంటన్ కొత్తవాడు:
అందరికీ నమస్కారం. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తయింది, లైసెన్స్ తీసుకున్నాను. నవంబర్ మొదటి శనివారం జింకల సీజన్ మొదలవుతుంది. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఒక రాంచ్‌లో (పెద్ద పశువుల క్షేత్రం) సీజన్‌కి వేట లీజు అడిగితే మనిషికి 2,500 డాలర్లు అన్నారు. అంత పెట్టాలా? పబ్లిక్ భూముల్లో వేటాడనిచ్చే, ఏడాదికి 48 డాలర్ల పబ్లిక్ పర్మిట్‌తో సరిపోదా?

హ్యూస్టన్ విల్లంబులు:
లీజు వద్దే వద్దు తమ్ముడూ. ఇక్కడి చట్టం ప్రకారం అడవి జంతువులు రాష్ట్ర ప్రజల ఆస్తి. రాంచ్ వాళ్ళు డబ్బు తీసుకునేది లోపలికి రానిచ్చినందుకే. అందరిదీ అయిన జింక కోసం ఇంత కట్టాలంటే చివరికి వేట డబ్బున్నవాళ్ళకే మిగులుతుంది. పైగా ఫీడర్ (మేత చల్లే డబ్బా) కింద మొక్కజొన్న తినే జింకను కొడితే అది వేటెలా అవుతుంది? పబ్లిక్ వేట భూముల్లో మేత పెట్టనివ్వరు. నారింజ రంగు జాకెట్ వేసుకుని తెల్లారకముందే నడవాలి, జాడ వెతకాలి. నాకు మూడో ఏడు గానీ జింక పడలేదు. పని నేర్చుకున్నది మాత్రం అక్కడే.

పార్కర్ కౌంటీ రైతుబిడ్డ:
అన్నా, ఫీడర్ గురించి మీతో ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోలేను. టెక్సస్‌లో సుమారు 95 శాతం భూమి ప్రైవేటుదే. కొత్తవాళ్ళు ఉన్న కాస్త పబ్లిక్ భూమి మీదే పడితే ప్రతి చెట్టు వెనకా ఒక తుపాకీ ఉంటుంది. లీజు డబ్బు వస్తోంది కాబట్టే కొన్ని రాంచ్‌లు ఇంకా ప్లాట్లుగా మారకుండా ఉన్నాయి.

నేనైతే మొదట్లో పైసా కట్టలేదు. సీజన్ ముందు అందరూ రాంచ్ యజమానుల తలుపు కొడతారని నేను ఫిబ్రవరిలోనే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓట్స్ చేనును అడవి పందులు దున్నేసినట్టుంది. మా తాతగారి వేరుశనగ చేను గుర్తొచ్చి మట్టి చేతిలోకి తీసుకుని చూస్తుంటే, "నీది వ్యవసాయ కుటుంబమా?" అని అడిగాడు. రెండేళ్ళు పందులే కొట్టాను, కంచె బిగించాను, గేటు తీసి ఉంటే తీసినట్టు, వేసి ఉంటే వేసినట్టు వదిలాను. మూడో ఏడు ఆయనే జింకలకు రమ్మన్నాడు. ఒక్క మాట, గుంజ మీద ఊదా రంగు గీత కనిపిస్తే బోర్డు లేకపోయినా లోపలికి రాకూడదని అర్థం. అనుమతి కాగితం మీద రాయించుకోండి.

తయారీలో ముఖ్యం గాలివాటం. జింకలకు వెళ్ళిన మొదటి ఏడు బ్లైండ్‌లో (మన మంచె లాంటిదే) కూర్చున్నాను, గాలి నా వీపు మీద నుంచి ముందుకు వీస్తోంది. ఆడజింక నా వాసన పట్టి యాభై గజాల్లో ఆగింది, ముందుకాలు నేలకేసి రెండుసార్లు కొట్టింది, బుస్సుమని తెల్లతోక ఎత్తి పరుగు. వెనకే ఉన్న రెండూ పోయాయి. ఆ రోజు మళ్ళీ ఏదీ రాలేదు. అప్పటినుంచి రెండు బ్లైండ్‌లు చూసి పెట్టుకుంటాను, ఉత్తర గాలికి ఒకటి, దక్షిణ గాలికి ఒకటి. రైఫిల్ గురి 100 గజాల దగ్గర ముందే సరిచూసుకోండి. కూర్చుని, మోకాలి మీద ఆనించి కూడా కాల్చి చూడండి. జింక పడ్డాక దానికి కట్టాల్సిన లైసెన్స్ ట్యాగ్, పొట్ట శుభ్రం చేయడం, ఐసు అన్నీ అప్పటికే సిద్ధంగా ఉండాలి. వేడిలో మాంసం పాడు చేస్తే ఆ ప్రాణం తీసి లాభమేంటి?

ఆస్టిన్ అక్క:
హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇది తప్పక చదవండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రంట్ వీసాదారులు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. 2019 నుంచి ప్రైవేట్ భూమిలో యజమాని అనుమతితో పందులు కొట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. ఆ మాట నమ్మి మనవాళ్ళు లైసెన్స్ లేకుండా తుపాకీ పడితే పెద్ద చిక్కులో పడతారు. టెక్సస్ హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. తేదీ చూసుకోండి, అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి.

హ్యూస్టన్ విల్లంబులు:
రైతుబిడ్డ తమ్ముడిలా పని చేసి సంపాదించుకున్న గేటు మీద నాకు అభ్యంతరం లేదు. కానీ అపార్ట్‌మెంట్‌లో ఉండి వారానికి ఒక్క సెలవు దొరికేవాడు రెండేళ్ళు కంచెలు బిగించగలడా? వాడికి పబ్లిక్ భూమే దిక్కు. అది పెంచమని మనం అడగాలి.

డెంటన్ కొత్తవాడు:
నేనూ హెచ్1బీనే అక్కా, థాంక్స్. ఈ ఏడు పబ్లిక్ పర్మిట్ తీసుకుంటాను. ఫిబ్రవరిలో మా దగ్గరి రాంచ్‌లకు వెళ్ళి పందుల సంగతి అడుగుతాను. రైతుబిడ్డ అన్నా, ఆ కాగితంలో ఏమేం రాయించుకున్నారో చెప్పగలరా?