ప్రోటీన్లు ప్రమోటర్‌ను అక్షరాలుగా చదువుతాయా, ఆకారంగా తడుముతాయా?

ఎమ్మెస్సీ_మొదటి_ఏడు: ప్రోటీన్ ప్రమోటర్ (జన్యువును పని చేయించే డీఎన్‌ఏ భాగం) వరుసను చదివి ట్రాన్స్‌క్రిప్షన్‌ను (జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీయడాన్ని) అదుపు చేస్తుందని తరగతిలో చెప్పారు. చదవాలంటే లిపి ఉండాలి కదా! మూడక్షరాల జన్యు సంకేతానికి పట్టిక ఉన్నట్టు, ఫలానా అమైనో ఆమ్లానికి ఫలానా బేస్ (డీఎన్‌ఏ అక్షరం) అనే పట్టిక దీనికీ ఉందా?

పెద్దగాడి: ఉందనే అంటాను. డీఎన్‌ఏ మెలిక వెంట ఉండే రెండు గాడుల్లో పెద్ద గాడిలోంచి చూస్తే ఏ-టీ, టీ-ఏ, జీ-సీ, సీ-జీ నాలుగు జతల హైడ్రోజన్ బంధాల అమరికలూ వేర్వేరుగా ఉంటాయని సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ 1976లోనే చూపించారు. ఆర్జినీన్ జీని, ఆస్పరాజీన్ ఏని పట్టుకుంటాయన్న వారి ఊహ తర్వాత వచ్చిన ఎన్నో నిర్మాణాల్లో నిజమైంది. 1991లో డీఎన్‌ఏను పట్టే జిఫ్268 అనే ప్రోటీన్ నిర్మాణం బయటపడింది. అందులో ఒక్కో జింకు వేలు (జింకు అణువు చుట్టూ ముడుచుకున్న ప్రోటీన్ ముక్క) మూడేసి బేస్‌లను అందుకుంటుంది. ఆ వేళ్లలో కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి, కోరిన వరుసను పట్టే ప్రోటీన్లను తయారుచేస్తున్నారు కూడా.

నీటిబొట్టు: ఎన్నో నిర్మాణాలన్నారు, మరి 1988 నాటి ట్రిప్ రిప్రెసర్ (జన్యువును ఆపే బాక్టీరియా ప్రోటీన్) మాటేమిటి? అక్కడ ప్రోటీన్‌కూ బేస్‌లకూ నడుమ ఎక్కువగా నీటి అణువులే ఉన్నాయి. అయినా తన ఆపరేటర్‌ను (తాను వాలాల్సిన డీఎన్‌ఏ చోటును) అది గుర్తుపడుతూనే ఉంది. గుర్తింపుకు సంకేతమంటూ లేదని అదే ఏడాది మాథ్యూస్ నేచర్ పత్రికలో శీర్షికలోనే తేల్చేశారు. 434 అనే బాక్టీరియా వైరస్ రిప్రెసర్ ఇంకా విచిత్రం. ఆపరేటర్ నడిమి బేస్‌లను అది తాకనే తాకదు, కానీ వాటిని మారిస్తే పట్టు మారిపోతుంది. ఇక టాటా పెట్టెను (ప్రమోటర్‌లో టీ, ఏ అక్షరాలు నిండిన చిన్న వరుసను) పట్టే టీబీపీ అనే ప్రోటీన్ చిన్న గాడిలో కూర్చుని డీఎన్‌ఏను దాదాపు 80 డిగ్రీలు వంచేస్తుంది. చిన్న గాడిలో ఏ-టీకీ టీ-ఏకీ తేడా దాదాపు తెలియదు. దీన్ని చదవడం అంటారా?

పెద్దగాడి: ఆ వంగే గుణం ఎక్కడిదండీ? అక్షరాల నుంచి వచ్చిందే కదా.

నీటిబొట్టు: కాదనలేదు. కానీ ఒక్క అక్షరం నుంచి కాదు, పక్కపక్కనున్న నాలుగైదు కలిస్తే వచ్చింది. మీ పట్టికలో గడికి ఒక్క అక్షరమే పడుతుంది.

సిగ్మా70: మీరిద్దరూ డీఎన్‌ఏ రెండు పోగులూ అంటుకునే ఉన్నాయనుకుని వాదిస్తున్నారు. ఈ.కోలై బాక్టీరియాలో -10 దగ్గరి (నకలు మొదలయ్యే చోటుకు సుమారు పది బేస్‌ల ముందరి) టీఏటీఏఏటీ వరుసను సిగ్మా (నకలు తీసే ఎంజైమ్‌కు ప్రమోటర్‌ను చూపించే ప్రోటీన్) గుర్తించే తీరు వేరు. పోగులు విడిపోతుండగా -11 దగ్గరి ఏ, -7 దగ్గరి టీ బయటికి తిరిగి సిగ్మా గుంటల్లో దూరతాయి. ఇక్కడ గుర్తించడమూ తెరవడమూ ఒకే పని. గాడుల లెక్క దీనికి చాలదు.

వరిమడి: నిజమైన పట్టిక కావాలంటే మన పొలాల్లో ఎండాకు తెగులు తెచ్చే జాంథోమోనాస్‌ను అడగండి. అది వరి కణంలోకి పంపే టేల్ ప్రోటీన్లలో సుమారు 34 అమైనో ఆమ్లాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ముక్కకో బేస్. ప్రతి ముక్కలో 12, 13 స్థానాలు ఏమిటో తెలిస్తే బేస్ చెప్పేయవచ్చని 2009లో రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి. పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 అనే టేల్ స్వీట్11 జన్యువు ప్రమోటర్ మీద వాలి, మొక్క చేత చక్కెరను బయటికి పోయించుకుంటుంది. ఎక్స్‌ఏ13 అనే నిరోధక జన్యువున్న వరి రకాల్లో ఆ ప్రమోటర్ వరుసే మారిపోయింది. బాక్టీరియాకు అది దొరకదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగైన సాంబ మసూరిలో ఉన్న మూడు నిరోధక జన్యువుల్లో ఇదొకటి.

పెద్దగాడి: చూశారా, నీటిబొట్టు గారూ!

నీటిబొట్టు: చూశాను. ఆ 12, 13 స్థానాల్లో రెండు ఆస్పరాజీన్లుండే ఎన్ఎన్ జంట జీని, ఏని రెండింటినీ ఒప్పుకుంటుందని కూడా చూశాను. ఒక కుటుంబానికి పట్టిక ఉంటే అందరికీ ఉన్నట్టు కాదు.

వరిమడి: ఆ సాంబ మసూరిలోనే ఎక్స్‌ఏ5 కూడా ఉంది. అది మార్చింది ప్రమోటర్‌ను కాదు, ట్రాన్స్‌క్రిప్షన్ యంత్రాంగంలోని టీఎఫ్‌టూఏ ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లాన్ని. టేల్ తన చోటును గుర్తుపట్టగలదు, కానీ యంత్రాంగంతో చేయి సరిగా కలవక జన్యువు మునుపటిలా పైకి లేవదు. దీన్ని మీ రెండు జట్లలో ఎక్కడ కూర్చోబెడతారు?