కాలవగట్టు మీద స్పోర్ట్ సెడాన్: 8 స్పీడ్ ఆటోమేటిక్కా, డీసీటీనా, హైబ్రిడ్డా?

గట్టుదారి (భీమవరం)

రెండు మూడేళ్లు వాడిన కారు కోసం చూస్తున్నామండి. వడపోసి వడపోసి మూడు మిగిలాయి: బీఎండబ్ల్యూ 330 ఎల్‌ఐ, ఆడి ఏ4 40 టీఎఫ్‌ఎస్‌ఐ, మెర్సిడెస్ సీ200. వారమంతా భీమవరం, పాలకొల్లు, నరసాపురం మధ్య తిరుగుడు, చెరువుల దాకా గట్టు రోడ్లు. నెలకి రెండుసార్లు హైదరాబాద్. కంపెనీ లెక్కలో లీటరుకి ఏ4 17.4, సీ200 16.9, 330 ఎల్‌ఐ 15.3. ఈ తేడా గేర్‌బాక్స్‌దే అని నా వాదన. ఏ4లో ఉన్న డీసీటీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్)లో క్లచ్ పట్టేశాక నేరుగా లింకు, మిగతా రెంటిలో ఉన్న టార్క్ కన్వర్టర్ (ఆయిల్ ద్వారా పవర్ అందించేది)లో ఆయిల్ జారుడు. అందుకే ఏ4 ముందుంది. కాదన్నవాళ్లు కారణం చూపించాలి.

లెక్కలమాస్టారు (తణుకు)

మూడు కార్లలో గేర్‌బాక్స్ ఒక్కటే మారి మిగతాదంతా ఒకటే అయితే మీ వాదన నిలబడేదండి. 330లో 2 లీటర్ల ఇంజన్ 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లు, వెనక చక్రాల డ్రైవ్, పొడుగు వీల్‌బేస్. ఏ4లోనూ 2 లీటర్లే, కానీ మొదట వచ్చింది 190 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు, ముందు చక్రాల డ్రైవ్. సీ200ది 1.5 లీటర్ల ఇంజన్, దానికి 48 వోల్టుల స్టార్టర్ జనరేటర్ తోడు. ఇన్ని తేడాలుంటే, ఫలితం మొత్తం గేర్‌బాక్స్ ఖాతాలో వేస్తారేంటి?

ఇక ఆయిల్ జారుడు సంగతి. పాత 4 స్పీడ్ ఆటోమేటిక్‌ల కాలంలో అది నిజమే. 330లో ఉన్న 8 స్పీడ్ ఆటోమేటిక్, జడ్‌ఎఫ్ కంపెనీ 8హెచ్‌పీ, 2009లో వచ్చిన డిజైన్. కారు కదిలిన కాసేపటికే కన్వర్టర్‌ని బిగించేసే లాకప్ క్లచ్ పడిపోతుంది, ఆ తర్వాత అదీ నేరుగా లింకే. లోపల నాలుగు ప్లానెటరీ సెట్లు (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే గుత్తులు), ఐదు షిఫ్ట్ క్లచ్‌లు. ఏ గేర్‌లో ఉన్నా తెరిచి ఉండేవి రెండే. తెరిచి ఉన్న క్లచ్‌లే ఆయిల్‌లో ఉత్తినే తిరుగుతూ పవర్ తినేస్తాయి, అవి తగ్గాయి కాబట్టి నష్టం తగ్గింది. 8వ గేర్‌లో 100 మీద వెళ్తుంటే ఇంజన్ దాదాపు 1500 ఆర్‌పీఎం దగ్గరే ఉంటుంది.

కంపెనీ లెక్క ఎలా తీస్తారో కూడా చూడండి. గదిలో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, 90 దాటకుండా. మన దగ్గర మే నెలలో ఏసీ ఆపి కారు నడిపే మనిషిని చూపిస్తే ఆ లెక్క ఒప్పుకుంటాను.

కోనసీమ_క్వాట్రో (అమలాపురం)

మాస్టారూ, లెక్క బానే ఉందండి గానీ డీసీటీని తక్కువ చేయకండి. గేర్ మార్పులో చురుకు దానిదే. ఒక షాఫ్టు మీద 3 నడుస్తుంటే రెండో షాఫ్టు మీద 4 అప్పటికే రెడీ. 330 ఎల్‌ఐ 6.2 సెకన్లలో 100 అందుకుంటుంది, ఏ4 కి 7.3 పడుతుంది, ఒప్పుకుంటాను. అది 68 హార్స్‌పవర్ తేడా, గేర్‌బాక్స్ తప్పు కాదు. మీ రూలు మీకే అప్పజెబుతున్నా!

డీసీటీ అనగానే అందరూ డ్రై క్లచ్ గొడవలు ఎత్తుతారు. 2013లో చైనాలో ఫోక్స్‌వ్యాగన్ 3.84 లక్షల కార్లు వెనక్కి పిలిచింది డీఎస్‌జీ (వాళ్ల డీసీటీ పేరు) కోసమే. ఆ చెడ్డపేరు తెచ్చింది డ్రై క్లచ్ 7 స్పీడ్, డీక్యూ200. దాని కెపాసిటీ 250 న్యూటన్ మీటర్లే. ఏ4లో ఉన్నది వెట్ క్లచ్. వేడి ఆయిల్‌లోకి పోతుంది, ఆయిల్‌ని కూలర్ చల్లబరుస్తుంది. రెండూ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండి?

ఏటీఎఫ్_మావయ్య (తాడేపల్లిగూడెం)

క్వాట్రో తమ్ముడూ, తడిదైనా పొడిదైనా అది క్లచ్చే. జారితే అరుగుతుంది. మన గట్ల మీద ఎక్కడ జారుతుందో చెప్తా విను.

చెరువు నుంచి రోడ్డెక్కే ర్యాంపు ఉంటుంది కదా, కారు ముక్కు ఆకాశం చూస్తుంది. పైన రొయ్యల లారీ వస్తోంది, ఆగాలి. నూటికి తొంభై మంది బ్రేక్ తొక్కరు, యాక్సిలరేటర్ మీద సన్నగా కాలు పెట్టి కారుని అక్కడే నిలబెడతారు. టార్క్ కన్వర్టర్‌లో ఆ పని ఆయిల్ చేస్తుంది, వేడెక్కుతుంది, అంతే. డీసీటీలో ఆ బరువంతా సగం పట్టిన ప్లేట్ల మీద. అర నిమిషం అలా ఉంచితే పొడి క్లచ్ వాసన బయటికొస్తుంది. తడి క్లచ్ వాసన రానివ్వదు, ఆయిల్‌ని నల్లగా చేస్తుంది.

రెండోది, ట్రాక్టర్ వెనక పాకడం. డీసీటీ ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా పట్టాలంటే కారు సుమారు 7, 8 కి.మీ. వేగం అందుకోవాలి. వడ్ల బస్తాల ట్రాక్టర్ 5 మీద పోతుంటే క్లచ్ జారుతూనే ఉంటుంది. మందు ఒక్కటే: ముందు బండికి రెండు కార్ల జాగా వదులు, ఆగు, జాగా పెరిగాక ఒక్కసారి కదిలి క్లచ్ పూర్తిగా పట్టనివ్వు, మళ్లీ ఆగు. ర్యాంపు మీద ఆటో హోల్డ్ (బ్రేక్‌ని తనే పట్టి ఉంచేది) వేసెయ్యి. వెనకోడు హారన్ కొడితే కొట్టనీ.

ఇంతా చేసి, అలా ఓపిగ్గా నడిపే డ్రైవర్ నీకు ఉన్నాడా? లేకపోతే ఏ4 వద్దు.

ఎర్రగీత (రాజమండ్రి)

పాకడం గురించి ఎంతసేపు? స్పోర్ట్ సెడాన్ కొనేది ఓవర్‌టేక్ కోసం. 216 హైవే మీద అమలాపురం దాటాక చాలాచోట్ల ఒకే రోడ్డు, ఎదురు లారీలు. డీసీటీ అసలు బలహీనత అక్కడ బయటపడుతుంది.

7వ గేర్‌లో 75 మీద లారీ వెనక ఉన్నారనుకోండి. జాగా దొరికింది, కాలు అదిమారు. కావాల్సింది 3. కానీ 7, 3 రెండూ బేసి షాఫ్టు మీదే! ఒక క్లచ్ వదిలి ఇంకోటి పట్టడం కుదరదు. మధ్యలో సరి గేర్ ఏదో ఒకటి పట్టి రావాలి, లేదా పవర్ క్షణం తెగాలి. పైగా కంప్యూటర్ పైకో కిందికో ఊహించి పక్క గేర్ సిద్ధం చేసుకుంటుంది. ఊహ తప్పితే ఇంకాస్త ఆలస్యం. 8హెచ్‌పీ 8 నుంచి 2 కైనా నేరుగా దూకగలదు. చురుకంటారా, గేర్లు వరసగా పైకి మారేటప్పుడే డీసీటీది.

ఏ4 వాళ్లకి విరుగుడు ఉంది. జాగా కనబడక ముందే ఎడమ ప్యాడిల్ (స్టీరింగ్ వెనక గేర్ మీట) మూడుసార్లు లాగి 4 కి తెచ్చుకుని లారీ వెనక కాచుకోవాలి. ఎస్ (స్పోర్ట్) మోడ్‌లో ఉన్నా చాలు.

కోనసీమ_క్వాట్రో

ఆయ్, ప్యాడిల్స్ ఉన్నదే అందుకండి. అది బలహీనత ఎందుకైంది, నడపడం రావాలంతే.

జంటమోటార్ (కాకినాడ)

అందరూ మైలేజ్ అని మొదలెట్టి మైలేజ్‌లో మొదటి వరసలో ఉన్నదాన్ని వదిలేశారు. లెక్సస్ ఈఎస్ 300హెచ్: 2.5 లీటర్ల హైబ్రిడ్, కంపెనీ లెక్క 22 పైనే. దాని గేర్‌బాక్స్ ఈ-సీవీటీకి బెల్టు లేదు, క్లచ్ ప్లేట్లు లేవు. ఒక ప్లానెటరీ సెట్టుకి ఇంజన్, రెండు మోటార్లు తగిలించి ఉంటాయి. ట్రాక్టర్ వెనక పాకేటప్పుడు ఎక్కువసేపు ఇంజనే ఆగిపోయి ఉంటుంది. మావయ్య గారు చెప్పిన ర్యాంపు మీద అరిగేది ఏమీ లేదు. ఊళ్ల మధ్య తిరుగుడికి అంతకన్నా నప్పేది ఏదండి?

ఎర్రగీత

100 అందుకోవడానికి 8.9 సెకన్లు. అదిమితే ఇంజన్ ఒకే సుతిలో అరుస్తుంది, బండి వెనకాల తీరిగ్గా వస్తుంది. మంచి కారేనండి, పడుకుని వెళ్లొచ్చు. ఈ పోటీలోది మాత్రం కాదు.

జంటమోటార్

గట్టు రోడ్డు మీద 6.2 సెకన్లు ఎక్కడ వాడతారో కాస్త చూపించండి.

లెక్కలమాస్టారు

వాదనలో డబ్బు సంగతి కొట్టుకుపోతోంది. ఏడాదికి 15,000 కి.మీ. తిరిగితే, లీటరుకి 11 ఇచ్చే కారు 1364 లీటర్లు తాగుతుంది, 12.5 ఇచ్చేది 1200. తేడా 164 లీటర్లు. లీటరు 110 అనుకుంటే ఏడాదికి 18,000 రూపాయలు. ఈ తరగతి కారుకి టైర్లు మార్చడానికే అంతకన్నా ఎక్కువ పోతుంది. మైలేజ్ చూసి గేర్‌బాక్స్ ఎంచుకోవడం అంటే ఆ 18,000 కోసం లక్షల రిపేరు నెత్తిన పెట్టుకోవడం.

మైలేజ్ నిజంగా పెంచుకోవాలంటే హైదరాబాద్ రోడ్డు మీద 120 బదులు 100 మీద వెళ్లండి. 120 దగ్గర గాలి అడ్డు 44 శాతం ఎక్కువ; ఏ గేర్‌బాక్సూ ఆ తేడా పూడ్చలేదు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు దెబ్బ వేరు. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే, అందుకే ఈ10 తో పోలిస్తే 3, 4 శాతం తగ్గుతుంది. ఇది మూడు కార్లకీ సమానమే.

ఇంకోటి, డాష్‌బోర్డు మీద కనబడే మైలేజ్ పట్టుకుని ఇక్కడ వాదించకండి, చాలా కార్లలో అది కొంచెం ఎక్కువే చూపిస్తుంది. పొద్దున్నే చల్లటి టైర్లలో గాలి సరిచూసి, ఒకే బంకులో ఒకే పంపు దగ్గర మొదటి ఆటో కట్ దాకా కొట్టించండి. కనీసం 400 కి.మీ. తిరిగి అదే పంపు దగ్గర మళ్లీ మొదటి కట్ దాకా. కట్ అయ్యాక రౌండ్ ఫిగరు కోసం ఇంకాస్త పోయించారంటే లెక్క పోయినట్టే.

డీజిల్‌దండు (ఏలూరు)

సీ220డీ చూడలేదేంటండి? 440 న్యూటన్ మీటర్లు, కంపెనీ లెక్క 23, సీ200లో ఉన్న అదే 9 స్పీడ్ బాక్సు. హైదరాబాద్ దాకా లారీల వెనక గేర్ దింపే పనే ఉండదు.

ఏటీఎఫ్_మావయ్య

హైదరాబాద్ ఒక్కటే అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. వారమంతా భీమవరం, పాలకొల్లు మధ్య అంటే ఇరవై చిల్లర కిలోమీటర్లు, అందులో సగం ఊళ్లే. డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసి పట్టే ఫిల్టర్)లో పేరుకున్న మసి కాలాలంటే హైవే వేగంలో పదిహేను, ఇరవై నిమిషాలు ఆపకుండా నడవాలి. సగంలో ఆపేస్తే ఆ కాల్చడానికి కొట్టిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ మట్టం పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరగడం మంచి శకునం కాదు. వారానికోసారి గూడెం వచ్చి 16 హైవే ఎక్కి అరగంట నడిపే ఓపిక ఉంటే డీజిల్ తీసుకోండి.

గట్టుదారి

సరే, మైలేజ్ వాదన వెనక్కి తీసుకోను గానీ పక్కన పెడతాను. 330 ఎల్‌ఐ వైపు మొగ్గుతున్నా. "గేర్ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదు" అంటున్నారు అమ్మేవాళ్లు. నిజమేనా? కొనేముందు ఏం చూడాలి?

ఏటీఎఫ్_మావయ్య

ఎవరి జీవితకాలం అని అడగండి. బాక్సు తయారు చేసిన జడ్‌ఎఫ్ వాళ్లే 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా 8 ఏళ్లకి మార్చమంటారు. మన ఎండకీ పాకుడికీ 80,000 దాటనివ్వకండి. ఏ4 వెట్ క్లచ్ బాక్సుకైతే 60,000.

ఆయిల్ మార్చే పద్ధతి తెలియనివాడి చేతిలో పెడితే మార్చకపోవడమే నయం. ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింద డ్రెయిన్ విప్పాలి. చాంబర్ (బాక్సు కింద ఆయిల్ ఉండే తొట్టి) ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ దాంట్లోనే కలిసి ఉంటుంది. మొత్తం కొత్తది వేయాలి, బోల్టులూ కొత్తవే. ఆ పక్కనే మెకాట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) వైరింగ్ కనెక్టరు స్లీవ్ ఉంటుంది. దాని సీలు గట్టిపడి ఆయిల్ చెమ్మ పడుతుంటే ఆ చేత్తోనే మార్చేయండి. కన్వర్టర్‌లో ఉన్న ఆయిల్ దిగదు, అందుకే దిగినది కొలిచి పెట్టుకోవాలి.

ఆయిల్ పోశాక కారు సమంగా ఉండగా ఇంజన్ ఆన్ చేసి, బ్రేక్ తొక్కి ఆర్ (రివర్స్), డీ (డ్రైవ్) లలో కొన్ని సెకన్లు చొప్పున ఉంచాలి. స్కానర్‌లో ఆయిల్ వేడి 30 కి 50 డిగ్రీలకి మధ్య ఉండగా నింపే రంధ్రం నుంచి సన్నటి ధార కారితే మట్టం సరిపోయినట్టు. మే నెల మధ్యాహ్నం రోడ్డు మీంచి తెచ్చి నేరుగా షెడ్డులో ర్యాంపు ఎక్కిస్తే 50 ఎప్పుడో దాటి ఉంటుంది. ఆయిల్ వ్యాకోచించి ధార ముందే కారుతుంది, చల్లారాక తక్కువవుతుంది. రాత్రంతా ఆపి పొద్దున్నే చేయించండి.

ఎర్రగీత

టెస్ట్ డ్రైవ్‌లో ఇవి చూడండి. చల్లటి ఇంజన్ మీద పీ నుంచి ఆర్ కి వేసినప్పుడు గుద్దినట్టు పడకూడదు. 60, 80 మధ్య కాలు తేలిగ్గా పెట్టి సమంగా పోనిస్తే, రంబుల్ పట్టీల మీద పోయినట్టు సన్నగా వణికిందంటే లాకప్ క్లచ్ దగ్గర తేడా ఉంది. ఆయిల్ మారిస్తే కొన్నిసార్లు పోతుంది, కొన్నిసార్లు పోదు. బేరం ఆ లెక్కన ఆడండి.

కోనసీమ_క్వాట్రో

ర్యాంపు ఎక్కించి కింద చూడకుండా మాత్రం కొనకండి. 330 ఎల్‌ఐ వీల్‌బేస్ 2961 మిల్లీమీటర్లు, మామూలు 3 సిరీస్ కన్నా 110 ఎక్కువ. మన ఊళ్లలో పోసిన స్పీడ్ బ్రేకర్లకి నడుము తగిలేది దానికే. కింద ప్లాస్టిక్ షీట్ ఉందా, క్లిప్పులు సరిగా ఉన్నాయా, చాంబర్ మీద గీతలున్నాయా చూడండి. నరసాపురం వైపు తిరిగిన కారైతే బోల్టుల తుప్పు చూడండి, రొయ్యల లారీలు ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే రోడ్లవి. టైరు లోపలి అంచున బుడిపె ఉంటే ఆ చక్రం రిమ్ము కూడా తిప్పించి చూడాలి.

ఇవన్నీ సరిగా ఉంటే తీసుకోండి. నా ఓటు ఇంకా ఏ4 కే.

ఏటీఎఫ్_మావయ్య

ఇంకోటి మర్చిపోయా. వానల్లో గట్టు తెగి నీళ్లు రోడ్డెక్కితే, వేడి మీదున్న బాక్సుతో దిగకండి. చల్లటి నీళ్లు తగిలి లోపలి గాలి ముడుచుకుంటే బ్రీదర్ (బాక్సుకి గాలి ఆడే రంధ్రం) గుండా నీళ్లు పీలుస్తుంది. ఆయిల్ టీ రంగులోకి తిరిగిందంటే నీళ్లు చేరినట్టే. స్టార్ట్ చేయొద్దు, తోసుకుంటూ కాదు, ట్రక్కు ఎక్కించి తీసుకెళ్లండి.