ఓసీటీలో గీత ఉందన్నారు సరే, కణాలు లెక్కపెట్టే మిషన్ కోసం తిరగాలా?

దేవరకొండ పోరడు:
మా తమ్ముడికి 23 ఏళ్లు. చిన్నప్పటి నుంచి పొద్దుగూకితే చూపు ఆనదు. రేచీకటే కదా అని క్యారెట్లు, మునగాకు తినిపించుకుంటూ వచ్చాం. పోయిన నెల హైదరాబాద్‌లో చూపిస్తే రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు, అంటే జన్యువుల లోపంతో కంటి వెనక వెలుతురు పట్టే పొర (రెటీనా) మెల్లగా పాడయ్యే జబ్బట. మా ఇంట్లో మేనరికం, నాన్న సొంత అక్క బిడ్డనే చేసుకున్నాడు, అదీ అడిగి రాసుకున్నారు. ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపే ఫోటో) తీసి, బూడిదరంగు చారల నడుమ ఒక తెల్లటి గీత చుట్టూ పెన్నుతో సున్నా గీసి "మధ్యలో ఇది ఇంకా ఉంది, మంచిదే" అని డాక్టర్ అంటే తలూపి వచ్చేశాం, ఎంజీబీఎస్‌లో బస్సెక్కాక గానీ ఏమీ అర్థం కాలేదని గుర్తుకు రాలేదు. ఇప్పుడు వీడేమో కంట్లో ఒక్కో కణాన్నీ ఫోటో తీసే మిషన్ ఉందట, అందులో చూపించమని ఒకటే పట్టు. నిజమేనా? అప్పు చేసైనా పోవాలా?

నకిరేకల్ ఆప్టోమెట్రిస్ట్:
మిషన్ ఉన్నది నిజమే తమ్మీ. అడాప్టివ్ ఆప్టిక్స్ అంటారు, టెలిస్కోపుల వాళ్ల దగ్గర నుంచి తెచ్చుకున్న పద్ధతి. గాలి కదలికకు నక్షత్రం చెదిరి కనిపిస్తే వాళ్లు అద్దాన్ని సన్నగా వంచి సరిచేస్తారు. కంట్లో చెదరగొట్టేది మన కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి పొర), లెన్సే కాబట్టి లోపలి నుంచి తిరిగొచ్చే వెలుతురు ఎంత వంకరపోయిందో కొలుస్తూ, సెకనుకు ఎన్నోసార్లు అద్దం ఆకారం మారుస్తారు. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 1997లో బతికున్న మనిషి కంట్లో కోన్ కణాలను, అంటే రెటీనాలో వెలుతురు పట్టి రంగులు చూపే కణాలను, ఇట్లాగే చూపించారు. నల్ల గొంగడి మీద సజ్జలు పోసినట్టు తెల్లచుక్కలు, చూపు మధ్యన ఒక్కోటి 2 మైక్రాన్ల వెడల్పు, అంటే మిల్లీమీటరులో ఐదొందలో వంతు.

కానీ ఎక్కువగా పరిశోధనకే వాడతారు. ఒక ఫోటోలో వచ్చేది చెయ్యి చాపితే బొటనవేలి గోరు కప్పేంత ముక్కే. పైగా చుక్క కనిపించలేదంటే కణం చచ్చిందని కాదు, దాని బయటి కొస పాడైతే వెలుతురు తిప్పి పంపదు, లోపలి భాగం ఉండే ఉండొచ్చు. అది చూడటానికి వేరే రకం ఇమేజింగ్ కావాలి.

మీ చేతిలో ఉన్న ఓసీటీ తక్కువదేం కాదు. డాక్టర్ సున్నా చుట్టింది ఎలిప్సాయిడ్ జోన్ గీత అయ్యుంటుంది, వెలుతురు పట్టే కణాలు బాగున్నచోటే అది తెగకుండా కనిపిస్తుంది. ఈ జబ్బులో అది అంచుల నుంచి మధ్యకు అరుగుతూ వస్తుంది. కణాలు విడివిడిగా కనిపించవు గానీ, గీత పొడవు ఏడాదికి ఎంత తగ్గిందో కొలవొచ్చు. పాత స్కాన్ పారేయకుండా ప్రతిసారీ తీసుకెళ్లండి. మధ్యలో నీరు చేరితే కూడా ఓసీటీలోనే పడుతుంది, దానికి మందులున్నాయి.

జడ్చర్ల టీచరమ్మ:
నాకూ ఇదే జబ్బు. బ్లాక్‌బోర్డు కనిపిస్తుంది, పక్కన నిలబడ్డ పిల్లాడు కనిపించడు. అప్పు మాత్రం చేయకండి తమ్ముడూ. నేను ఒకచోట మూలకణాల ఇంజెక్షన్ అంటే గాజులు కుదువపెట్టి మరీ వేయించుకున్నా, చూపు రాలేదు, గాజులూ రాలేదు. ఉన్న డబ్బు జీన్ టెస్ట్‌కు పెట్టండి. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపానికి లక్స్‌టర్నా అనే మందుకు అమెరికాలో 2017 డిసెంబర్‌లో అనుమతి వచ్చింది, అదీ రెటీనాలో బతికున్న కణాలు మిగిలి ఉంటేనే ఇస్తారు. ఏ జన్యువో తెలియకుండా కణాలు లెక్కపెట్టించుకుని ఏం చేస్తారు? చూపు బాగా తగ్గితే దివ్యాంగుల సర్టిఫికెట్ సంగతి కూడా చూసుకోండి.

పల్లె వైద్యం:
రోజూ పొన్నగంటి కూర, కంట్లో రెండు చుక్కల తేనె. నలభై రోజుల్లో తేడా చూడండి.

నకిరేకల్ ఆప్టోమెట్రిస్ట్:
కూర తినండి, రుచిగా ఉంటుంది. తేనె మాత్రం కంట్లో వేయకండి, ఇన్ఫెక్షన్ వస్తే ఉన్న చూపుకే ఎసరు. విటమిన్ ఎ గోళీలు కూడా సొంతంగా మింగొద్దు, స్టార్‌గార్ట్ లాంటి కొన్ని రెటీనా జబ్బుల్లో అది కీడే చేస్తుంది.

దేవరకొండ పోరడు:
అన్నా, అక్కా, వాడికి చదివి వినిపించా. స్కాన్ కాగితం బియ్యం డబ్బా కింద దొరికింది, మూల కొంచెం తడిసింది, సున్నా మాత్రం బాగానే ఉంది. జన్యువుల జబ్బంటున్నారు కదా, అట్లయితే నేనూ చూపించుకోవాలా? నాకు రాత్రి బండి నడపడానికి ఏ ఇబ్బందీ లేదు.

నకిరేకల్ ఆప్టోమెట్రిస్ట్:
ఇద్దరికీ అమ్మానాన్నలు వాళ్లే కదా, ఒకసారి చూపించుకో. తమ్ముణ్ని తీసుకెళ్లిన రోజే నువ్వూ చీటీ రాయించుకో.