గుండెపోటు తర్వాత ఇంట్లో నడక: "మెల్లగా" అంటే ఎంత?

కరీంనగర్_అమ్మాయి:
నాన్నకు 58 ఏళ్లు. మూడు వారాల కింద గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. డిశ్చార్జి రోజు "మెల్లగా నడవండి" అన్నారంతే. మెల్లగా అంటే ఎంత? అమ్మ ఆయన్ని మంచం దిగనివ్వడం లేదు. ఆయన బాత్రూంకి లేచినా నాకు టెన్షనే. మీ ఇళ్లలో ఎలా మొదలుపెట్టారు?

గోదారి_గట్టు:
అమ్మా, నాకు వచ్చి రెండేళ్లయింది. మొదట హాల్లోనే పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు. మా ఆవిడ కిటికీలో రెండు గిన్నెలు పెట్టి, ఒకదాంట్లో చింతగింజలు పోసింది. గోడ దాకా వెళ్లొచ్చినప్పుడల్లా ఒక గింజ ఇందులోంచి అందులోకి. పదితో మొదలుపెట్టి, ఒంట్లో బాగుంటేనే రెండేసి పెంచాను. ఆరు వారాలకు అరగంట నడిచాను. కానీ ఇదంతా డాక్టరు ఎకో (గుండె స్కానింగ్) చూసి సరే అన్నాకే. మీ నాన్నగారి గుండె పంపింగ్ ఎంత ఉంది, మిగతా రక్తనాళాల్లో ఇంకా అడ్డులున్నాయా అని ముందు అడగండి.

విశాఖ_వాకర్:
నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. వాచీలో పల్స్ 90 దాటడం లేదని వేగం పెంచేశాను. ఆయాసంతో సోఫాలో కూలబడ్డాను. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకుంటే పల్స్ అంతగా పెరగదని తర్వాత తెలిసింది. నడుస్తూ మామూలుగా మాట్లాడగలగాలి, అదే కొలత. నేను మనవరాలికి ఎక్కాలు ఒప్పజెప్పుకుంటూ నడుస్తాను. మాట తెగిందా, అడుగు తగ్గిస్తాను.

ఫిజియో_అక్క:
పై మాట అక్షరాలా నిజం. తిన్న వెంటనే నడవొద్దు, గంటన్నర ఆగాలి. నడక టక్కున ఆపితే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు, అందుకే చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా. ప్రాణాయామంలో ఊపిరి బిగపట్టడం, నీళ్ల బిందె ఎత్తడం ఇప్పుడే వద్దు. ఛాతీలో బరువు, చల్లచెమటలు అనిపిస్తే వెంటనే కూర్చోవాలి. డాక్టరు సార్బిట్రేట్ (ఛాతీ నొప్పి తగ్గించే మాత్ర) రాసిచ్చి ఉంటే నాలుక కింద పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, "గ్యాస్" అనుకుని ఆగొద్దు.

కరీంనగర్_అమ్మాయి:
డాక్టరుతో మాట్లాడాం, ఐదు నిమిషాలతో మొదలుపెట్టమన్నారు. ఈ సాయంత్రం నాన్న వరండాలో ఆరు గింజలు నడిచారు. అమ్మ పక్కనే నడిచింది. ఇద్దరూ బియ్యం ధర గురించి వాదించుకుంటూనే ఉన్నారు. మాట తెగలేదు.